పెద్ద సిటీలో పిల్లలు, పెద్దవాళ్లు అందరికీ పనికొచ్చే ఔటింగ్స్ మీరు ఎలా వెతుక్కుంటున్నారు?

ఆదివారం_టెన్షన్:

అందరికీ నమస్తే. చిన్న ఊరి నుంచి పెద్ద సిటీకి వచ్చి ఏడాది దాటింది, ఇల్లు, స్కూలు, ఆఫీసు అన్నీ సెట్ అయ్యాయి కానీ ఈ ఆదివారం అనేది మాత్రం ఇంకా సెట్ అవ్వట్లేదు. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి మూడు నిండాయి, అత్తయ్యగారు కూడా మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే అస్సలు కుదరదు, కానీ ఇంట్లో ఒక్కరినే వదిలేసి వెళ్లడం మాకూ బాగోదు, ఆవిడకీ వెళ్లాలనే ఉంటుంది.

పొద్దున్నే లేచి "ఇవాళ ఎక్కడికి" అని మొదలెడతాం, పదకొండు దాకా తేలదు, అప్పటికి చిన్నోడికి నిద్ర టైం దగ్గర పడుతుంది, చివరికి మళ్లీ అదే మాల్, అదే ప్లే జోన్, అదే బిల్లు. నెట్లో "టాప్ 25 ప్లేసెస్" అని వెతికితే అన్ని సైట్లలోనూ అవే పేర్లు, అవే ఫొటోలు, రాసినవాళ్లు అసలు అక్కడికి వెళ్లారో లేదో కూడా డౌటే. వెళ్లాక తెలుస్తుంది కూర్చోడానికి బెంచీ కూడా లేదని, లేదా బాత్‌రూం ఇంకో గేటు దగ్గరెక్కడో ఉందని.

మా సిటీ పేరు కావాలనే చెప్పట్లేదు, ఎందుకంటే నాకు ప్లేసుల లిస్టు వద్దు, లిస్టులు చాలానే ఉన్నాయి. మీరు ఎలా వెతుకుతారు, ఎలా డిసైడ్ చేస్తారు, వెళ్లేముందు ఏం చూసుకుంటారు, అది చెప్పండి ప్లీజ్.

---

బస్‌పాస్_బాబాయ్:

మంచి ప్రశ్న అమ్మా. నేనైతే ముందు చెప్పే మాట ఒకటే, "ఎక్కడికి" అని కాకుండా "ఏం చేయడానికి" అని వెతుకు. "ఫ్యామిలీ ప్లేసెస్" అని కొడితే టికెట్ పెట్టి అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చుకోగలిగిన వాళ్లే పైకి వస్తారు, అది దాని లక్షణం. అదే "కథలు చెప్పే కార్యక్రమం", "కుండల వర్క్‌షాప్", "తోలుబొమ్మలాట", "బర్డ్ వాక్", "టెలిస్కోప్" అని కొట్టి చూడు, నీ సిటీలోనే ఇన్ని జరుగుతున్నాయా అనిపిస్తుంది. ఇవి నడిపేవాళ్లకి మార్కెటింగ్ టీములు ఉండవు, అందుకే లిస్టుల్లోకి ఎక్కవు.

రెండోది, ఈవెంట్స్ యాప్స్ కంటే ఆ సంస్థల సొంత పేజీలు చూడటం బెటర్. పబ్లిక్ లైబ్రరీ, మ్యూజియం, ప్లానెటేరియం, బొటానికల్ గార్డెన్, సైన్స్ సెంటర్, యూనివర్సిటీలు, ఇలాంటివి మీకు దగ్గర్లో ఉన్నవి ఓ ఏడెనిమిది ఏరుకుని ఫాలో అయిపో. ప్రతి వారం కొత్తగా వెతికే పని తప్పుతుంది, వాళ్లే చెప్తారు. యూనివర్సిటీలు, ల్యాబులు ఏడాదికోసారి ఓపెన్ డే పెడుతుంటాయి, మీ పాప వయసు పిల్లలకి అది భలే ఉంటుంది, టికెట్ కూడా చాలాచోట్ల ఉండదు.

మూడోది రివ్యూలు చదివే పద్ధతి. స్టార్లు చూడకు. మ్యాప్స్‌లో ఆ ప్లేస్ ఓపెన్ చేసి రివ్యూల్లో "టాయిలెట్", "మెట్లు", "వీల్‌చైర్", "నీడ", "పార్కింగ్" అని సెర్చ్ కొట్టు, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకో. ఫొటోల్లో కూడా జనం పెట్టిన తాజావి చూడు, వాళ్లు పెట్టుకున్నవి కాదు. వెనకాల బెంచీ కనిపిస్తోందా, దారి చదునుగా ఉందా, చెట్లున్నాయా అన్నీ ఆ ఫొటోల్లోనే తెలిసిపోతాయి, మనుషుల్ని వదిలేసి వెనక చూడాలి అంతే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఇంకోటుంది, 2004 నుంచి జనమే కలిసి గీస్తున్న మ్యాప్, అందులో ఆటస్థలాలు, తాగునీళ్లు, పబ్లిక్ టాయిలెట్లు, బెంచీలతో సహా గుర్తుపెడతారు, అన్ని సిటీల్లో ఒకేలా ఉండదు కానీ ఉన్నచోట చాలా పనికొస్తుంది.

ఇంకా ఒక్క మాట, ఆదివారం పొద్దున డిసైడ్ చేయడం మానేయండి. శుక్రవారం రాత్రికే అయిపోవాలి. పొద్దున్నే అందరి మూడ్లూ అడుగుతూ కూర్చుంటే మాల్ తప్ప ఇంకేం మిగలదు.

---

మూడోగది_గైడు:

నేను శని ఆదివారాల్లో ఒక మ్యూజియంలో వాలంటీర్‌గా చేస్తుంటా, కాబట్టి నా గోల నేను చెప్తా 😄

ఫ్యామిలీలు వచ్చి చేసేది ఏంటంటే, టికెట్ కొన్నాం కదా అని మొదటి గది నుంచి చివరి గది దాకా మొత్తం చూడాలని పట్టుపడతారు. నలభై నిమిషాలు అయ్యేసరికి చిన్నపిల్లలు నేలమీద పడి ఉంటారు, పెద్దవాళ్లు గోడకి ఆనుకుని ఉంటారు. ఇది మీ ఫ్యామిలీ తప్పు కాదు, దీనికి "మ్యూజియం ఫెటీగ్" అని పేరే ఉంది, బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే దీనిమీద వ్యాసం రాశాడు. ఆయన చేసిన పని నాకు భలే ఇష్టం, ఒక మనిషిని పెట్టి, అద్దాల పెట్టెల్లో వస్తువుల్ని సరిగ్గా చూడాలంటే ఎలా వంగాలో, ఎలా మెడ తిప్పాలో, ఎలా చతికిలబడాలో వరసగా ఫొటోలు తీయించాడు. పెద్దమనిషికే అంత పాటు అయితే మూడేళ్లవాడి ఎత్తుకి ఆ పెట్టెలో ఏం కనిపిస్తుందో మీరే ఆలోచించండి, చెక్క అడుగు కనిపిస్తుంది.

కాబట్టి గంట. గంట చాలు. వెళ్లేముందు వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి పాపనే ఓ మూడు వస్తువులు ఎంచుకోమనండి, అక్కడికి వెళ్లి అవి వెతకడమే ఆట. నోట్‌బుక్, పెన్సిల్ ఇస్తే ఇంకా మంచిది, ఒక్క బొమ్మ గీసేసరికి అది గైడు చెప్పినదానికంటే ఎక్కువ చూస్తుంది (పెన్ను వద్దు, చాలాచోట్ల గ్యాలరీల్లో పెన్సిలే ఒప్పుకుంటారు). తెరిచిన మొదటి గంటలో వెళ్లండి, తర్వాత గుంపులు దిగుతాయి.

అత్తయ్యగారి విషయం: చాలా పెద్ద మ్యూజియంల్లో ఎంట్రన్స్ దగ్గర వీల్‌చైర్లు ఊరికే ఇస్తారు, అడిగితేనే ఇస్తారు, బోర్డు ఉండదు. కొన్నిచోట్ల చేత్తో పట్టుకెళ్లే మడత స్టూల్స్ కూడా ఉంటాయి. లిఫ్ట్ ఎక్కడుందో, ఇవాళ పనిచేస్తోందో లేదో ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. "నేను నడవగలను" అని మొహమాటపడే పెద్దవాళ్లని చాలామందిని చూశా, కుర్చీ ముందే తెచ్చి పెట్టేయండి, అడగొద్దు.

సెలవు రోజు కూడా చూసుకోండి, చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు, అందరికీ అదే అనుకోవద్దు, పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి జరుపుతున్నారు, ఆ రోజుల్లో చాలాచోట్ల ఫ్రీ ఎంట్రీనో పిల్లలకి స్పెషల్ ప్రోగ్రామో ఉంటుంది.

ఇంకోటి, మీ సిటీలో చిల్డ్రన్స్ మ్యూజియం అని విడిగా ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. 1899లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మొదలైంది ఈ పద్ధతి, "ముట్టుకోవద్దు" అనే బోర్డులు తీసేసి ముట్టుకోడానికే పెట్టిన మ్యూజియం. మూడేళ్లవాడికి అదే కరెక్ట్.

---

ఏసీ_పక్షం:

అందరూ మాల్‌ని తిడుతున్నారు కాబట్టి నేనొక్కడినే సపోర్ట్ చేస్తా. ఏసీ ఉంది, లిఫ్ట్ ఉంది, శుభ్రమైన బాత్‌రూం ఉంది, బేబీకి డైపర్ మార్చే టేబుల్ ఉంది, పెద్దవాళ్లు కూర్చోడానికి జాగా ఉంది, వాన పడితే తడవం. పైన రాసిన లిస్టంతా టిక్ పెట్టుకుంటూ పోతే చివరికి తేలేది మాలే కదా 😂 ఎండలు మండిపోయే రోజుల్లో, పొగ ఎక్కువున్న రోజుల్లో పార్కు పార్కు అని పిల్లల్ని తిప్పడం కూడా కరెక్ట్ కాదు. కొనకుండా తిరిగి రావడం నేర్చుకోండి చాలు.

---

ఆదివారం_టెన్షన్:

@ఏసీ_పక్షం మా అత్తయ్యగారికి మీ కామెంట్ చదివి వినిపించా, ఆవిడ ఓటు మీకే 😅

బాబాయ్, గైడు గారూ, చాలా థాంక్స్. రివ్యూల్లో సెర్చ్ కొట్టే ఐడియా ఇప్పుడే ట్రై చేశా, మేం వెళ్దామనుకున్న ఒక గార్డెన్‌లో "మెట్లు" అని కొడితే ఎంట్రన్స్ దగ్గరే నలభై మెట్లున్నాయని ఎవరో రాశారు, బతికిపోయాం.

అసలు సమస్య మాత్రం అలాగే ఉంది, తొమ్మిదికీ మూడుకీ ఎలా కుదురుతుంది? దానికి నచ్చింది వీడికి భయం, వీడికి నచ్చింది దానికి "చిన్నపిల్లల ఆట". ఇద్దరికీ కలిసి నచ్చేది ఏదైనా ఉందా అసలు?

---

ముగ్గురికి_అమ్మ:

మాకు ముగ్గురు, అందుకని చెప్తున్నా, అందరికీ ఒకేసారి నచ్చేది వెతకడం మానెయ్ చెల్లీ. అందరూ కలిసి వెళ్లాలి కానీ అక్కడ అందరూ అన్నీ కలిసి చేయాలని రూలేం లేదు. గేటు దాకా కలిసి వెళ్లండి, అక్కడ రెండు జట్లు అయిపోండి, ఒకరు చిన్నోడితో, ఒకరు పాపతో, అత్తయ్యగారు నీడలో ఒకచోట కూర్చుంటే ఆ చోటే అందరికీ అడ్డా, నీళ్లు, సంచులు అక్కడే. గంటకి అందరూ అక్కడ కలవాలి, తర్వాత పిల్లల్ని మార్చుకోవాలి. పాపకి అమ్మతోనో నాన్నతోనో ఒక్కదానికే ఓ గంట దొరికిందనుకో, అది ఏ రైడ్ ఎక్కినా ఆ సంతోషం వేరు, తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి దానికి అది దొరికుండదు.

రైడ్స్ ఉన్న పార్కుకైతే ముందే ఇంట్లో ఇద్దరి ఎత్తూ సెంటీమీటర్లలో కొలిచి, వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కి ఎంత కావాలో చూసి, ఎక్కలేనివి ఏవో ఇంట్లోనే చెప్పేయ్. క్యూ చివర గంట నిలబడ్డాక కర్ర పెట్టి కొలిచి "నువ్వు కాదు" అంటే ఆ ఏడుపు ఎవ్వరూ ఆపలేరు. చాలా పెద్ద పార్కుల్లో పిల్లాడితో ఒకరు బయట ఆగితే, ఇంకొకరు దిగాక మళ్లీ క్యూ కట్టకుండానే ఎక్కనిస్తారు, దాన్ని రైడర్ స్వాప్ అంటారు, అడిగితేనే చెప్తారు.

జూ మాత్రం రెండు వయసులకీ పనికొస్తుంది, కాకపోతే పొద్దున్నే తెరిచే టైంకి వెళ్లాలి. మిట్టమధ్యాహ్నం చాలా జంతువులు ఏ మూలనో పడి నిద్రపోతుంటాయి, మనం ఖాళీ బోనుల ఫొటోలు తీసుకుని రావాలి. మేత పెట్టే టైములు గేటు దగ్గర రాసి ఉంటే వాటి ప్రకారం తిరగండి. బ్యాటరీ బండి ఉంటుంది చాలా జూల్లో, అత్తయ్యగారికి అది చూడండి.

పాపకి ఒక పని కూడా ఇవ్వు. నెలకి ఒక ఆదివారం దానిదే, ఎక్కడికెళ్లాలో, ఏ బస్సో, ఏ మెట్రోనో, ఎంత ఖర్చు దాటకూడదో, అదే చూసి చెప్పాలి. తొమ్మిదేళ్లకి బానే చేస్తారు. తను ఎంచుకున్న చోట బోర్ కొట్టినా నోరెత్తదు, అది ఇంకో లాభం 😄

---

నిశ్శబ్దం_కావాలి:

అడిగినవాళ్లకి డైరెక్ట్‌గా సంబంధం లేకపోవచ్చు కానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం రాస్తున్నా. మా బాబుకి ఆటిజం ఉంది. గట్టి శబ్దాలు, గుంపు, మెరిసే లైట్లు పడవు. చాలా కాలం మేం ఎక్కడికీ పోలేదు, పోతే జనం చూసే చూపులు ఒకటి. ఒక థియేటర్‌లో పక్కసీటాయన "ఇలాంటి పిల్లల్ని ఎందుకు తెస్తారు" అని మాకు వినబడేలాగే అన్నాడు.

ఇప్పుడు చాలా సిటీల్లో మ్యూజియంలు, సినిమా హాళ్లు, నాటకాల వాళ్లు "క్వైట్ అవర్", "రిలాక్స్‌డ్ పర్ఫార్మెన్స్", "సెన్సరీ ఫ్రెండ్లీ" అని పెడుతున్నారు. సౌండ్ తగ్గిస్తారు, లైట్లు పూర్తిగా ఆర్పరు, మధ్యలో లేచి తిరిగినా అరిచినా ఎవరూ ఏమీ అనరు. ఈ మాటలతోనే వెతకండి, మామూలుగా వెతికితే దొరకవు. మూడేళ్ల మామూలు పిల్లలకి కూడా ఇవి చాలా బాగుంటాయి, మొదటిసారి హాలుకి తీసుకెళ్లేవాళ్లు ఇక్కడ మొదలెట్టొచ్చు.

వెళ్లబోయే చోటు ఫొటోలు ముందురోజు వరసగా చూపించండి, ఇది గేటు, ఇది టికెట్ కౌంటర్, ఇది బాత్‌రూం, ఇక్కడి నుంచి ఇంటికి వచ్చేస్తాం అని. మాకు దీనితో చాలా మారింది. చెవులకి పెట్టే ఇయర్‌మఫ్‌లు ఎప్పుడూ బ్యాగులో ఉండాలి, హ్యాండ్ డ్రయ్యర్ శబ్దానికే ఔటింగ్ మొత్తం పాడైన రోజులున్నాయి.

---

డాబామీద_దుర్భిణి:

ఖర్చు లేనివి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా వంతు.

1. ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ చూపించండి పిల్లలకి. నాసా వాళ్ల స్పాట్ ది స్టేషన్ అనే యాప్‌లో మీ సిటీ పెట్టుకుంటే ఎప్పుడు, ఏ దిక్కు నుంచి కనిపిస్తుందో చెప్తుంది. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటన్నరకి ఒకసారి భూమిని చుట్టేస్తుంటుంది, కానీ మనకి కనిపించేది సూర్యోదయానికి కాస్త ముందు, సూర్యాస్తమయం అయ్యాక కాసేపూ మాత్రమే, ఎందుకంటే కింద మనకి చీకటి పడాలి, పైన దానిమీద ఎండ ఉండాలి. మిణుకుమిణుకు అనకుండా నిలకడగా వెలుగుతూ వెళ్తుంది, మిణుకుమంటే అది విమానం. సిటీ లైట్లలో కూడా బాగానే కనిపిస్తుంది. డాబా ఎక్కితే చాలు, అత్తయ్యగారికి మెట్లు వద్దు కాబట్టి ఇంటి ముందు ఖాళీగా ఉన్నా చాలు. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, మూడేళ్లవాడి ఓపికకి సరిగ్గా సరిపోతుంది.

2. ఆస్ట్రానమీ క్లబ్బులు నెలకోసారి టెలిస్కోపులు పెట్టి జనానికి చూపిస్తుంటాయి, చాలాచోట్ల ఫ్రీ. చంద్రుణ్ణి చూడాలంటే పున్నమి రోజు వెళ్లకండి, అన్నీ ఒకటే తెలుపు. సగం చంద్రుడున్న రోజుల్లో వెళ్లండి, వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల నీడలు పొడుగ్గా పడతాయి, పిల్లలు అక్కడే "అమ్మో" అంటారు. శుక్లపక్షం అష్టమి చుట్టుపక్కల అయితే పొద్దుగూకేసరికే చంద్రుడు పైన ఉంటాడు, పిల్లల్ని రాత్రి దాకా మేలుకోబెట్టక్కర్లేదు.

3. పక్షులు. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు జరుగుతుంది, 1998లో మొదలైంది, 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి కనిపించిన పక్షులు లెక్కపెట్టి ఎక్కించడమే. మెర్లిన్ అని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ల ఫ్రీ యాప్ ఉంది, కూత వినిపిస్తే ఏ పిట్టో చెప్తుంది. మీ పాప చేతికి ఆ ఫోన్ ఇచ్చి, అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టండి. పెద్దావిడకి కూత వినగానే పిట్ట పేరు తెలుస్తుంది, యాప్ చెప్పేలోపే చెప్పేస్తారు చూడండి, అప్పుడు ఆట మొదలవుతుంది, నువ్వు ముందా నేను ముందా అని.

---

తప్పిపోతే_ఎలా:

అన్నీ బాగున్నాయి, ఒక్కటి మర్చిపోయారు. గుంపులోకి వెళ్లే రోజు గేటు దగ్గరే పిల్లలిద్దరికీ తలనుంచి కాళ్లదాకా ఒక ఫొటో తీయండి. తప్పిపోతే "ఏ రంగు చొక్కా" అని సెక్యూరిటీ అడుగుతాడు, ఆ కంగారులో కన్నతల్లికి కూడా గుర్తురాదు. ఫోన్ నంబర్ చొక్కా లోపల వైపు రాయండి, పిల్లాడి పేరు మాత్రం బయటికి కనిపించేలా రాయొద్దు, పేరుపెట్టి పిలిస్తే తెలిసినవాళ్లే అనుకుని వెళ్లిపోతారు. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దు, ఉన్నచోటే ఉండు, యూనిఫాం ఉన్నవాళ్లకో పిల్లలతో ఉన్న అమ్మకో చెప్పు అని నేర్పండి. తొమ్మిదేళ్ల పాపకి నంబర్ నోటికి వచ్చి ఉండాలి, ఫోన్‌లో సేవ్ అయ్యుంది కదా అని మనకే రావట్లేదు ఈ మధ్య.

---

ఆదివారం_టెన్షన్:

ఇంత రాస్తారని అస్సలు అనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. పిట్టల కూతల సంగతి చెప్పగానే అత్తయ్యగారు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మొత్తం చదివారు.

శుక్రవారం రాత్రి రూల్ ఇవాళే పెట్టేశాం. ఈ ఆదివారం పాపదే అన్నాం, అది ప్లానెటేరియం అంది. లిఫ్ట్ ఉంది, ఫోన్ చేసి కనుక్కున్నా. ఒక్కటే డౌట్, మూడేళ్లవాడు ఆ చీకట్లో కూర్చుంటాడా?

---

డాబామీద_దుర్భిణి:

మామూలు షో అయితే కష్టమే, లైట్లు ఆరిపోయాక సౌండ్ ఒక్కసారిగా వస్తుంది, చాలామంది చిన్నపిల్లలు అక్కడే జడుసుకుంటారు. కొన్ని ప్లానెటేరియంలు ఐదేళ్లలోపు వాళ్లని అసలు రానివ్వవు, కొన్ని చిన్నపిల్లలకి విడిగా పొట్టి షో వేస్తాయి, ఎలాగూ నంబర్ ఉంది కదా మళ్లీ ఒకసారి చేసి అది అడగండి. షో మొదలయ్యాక తలుపులు తీయని చోట్లు కూడా ఉన్నాయి, అదీ అడగండి. రానిస్తామంటే తలుపు పక్క సీట్లు తీసుకోండి, ఇంట్లో ఒకసారి లైట్లన్నీ ఆర్పి సీలింగ్ మీద టార్చ్ వేసి ఆడించండి.

లేదంటే ముగ్గురికి_అమ్మ చెప్పినట్టే చేయండి, పాప, నాన్న, నానమ్మ లోపలికి, మీరూ చిన్నోడూ బయట. చాలా ప్లానెటేరియంల బయట బరువు చూసే మెషిన్లు ఉంటాయి, చంద్రుడి మీద నీ బరువెంత, గురుగ్రహం మీద ఎంత అని, వాడు దానిమీద ఎక్కి దిగుతూ ఉంటాడు, షో అయిపోతుంది.